పట్టాలు లేచిపోయినా బాట మిగలాలి

తారీఖ్ పుస్తకాల్లో 1916 అంటే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న సంవత్సరం. మన చెరుకుపల్లి, రేపల్లె వైపు వాళ్లకు మాత్రం ఆ సాల్ ఇంకో రకంగా కూడా యాద్ ఉండాలి. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చింది ఆ ఏడాదే. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వేసిన లైను అది. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన స్టేషన్ల మీదుగా పచ్చటి మాగాణిని చీల్చుకుంటూ వెళ్లి రేపల్లెలో ఆగిపోతుంది. ఆ తర్వాత కృష్ణా నది, దాని అవతల దివిసీమ. రైలుకు అక్కడితో సఫర్ ఖతం.

అదే 1916లో అమెరికాలో రైలు మార్గాల మొత్తం పొడవు శిఖరానికి చేరింది. సుమారు 2,54,000 మైళ్లు, అంటే 4 లక్షల కిలోమీటర్ల పైమాటే. ఆ తర్వాత తగ్గడమే గానీ పెరగలేదు. అదే 1916 జూన్‌లో అరబ్ తిరుగుబాటు మొదలై, మదీనా మునవ్వరాకు వెళ్లే హిజాజ్ రైలు మీద దాడులు మొదలయ్యాయి. మన దగ్గర రైలు పుట్టిన సాల్‌లోనే ఒక ముల్కులో దానికి ఉతార్ మొదలైంది, ఇంకో ముల్కులో దాని మీద యుద్ధం వచ్చి పడింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టడానికి వజహ్ ఉంది. రైలు వచ్చిన కథ అందరూ రాస్తారు. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, మొదటి బండికి ఎవరు జెండా ఊపారు అన్నీ దొరుకుతాయి. రైలు పోయాక ఆ జమీన్ ఏమైందో రాసేవాళ్లు తక్కువ. పట్టాలు పీకేశాక మిగిలే ఆ పొడుగాటి, సన్నటి కట్ట ఎవరిది? దాని మీద ఎవరు నడవాలి? ఈ సవాల్‌కు దునియాలో చాలాచోట్ల దొరికిన జవాబు ఒకటే. సైకిల్.

సైకిల్‌కూ రైలుకూ దోస్తీ

చెరుకుపల్లిలో రైలు స్టేషన్ లేదు. మనకు పడమటి వైపు విజయవాడ నుంచి మద్రాసు వెళ్లే పెద్ద లైను ఉంది. 1899లో పూర్తయిన ఆ లైను మీద నిడుబ్రోలు, బాపట్ల స్టేషన్లు ఉన్నాయి. తూర్పు వైపు రేపల్లె లైను మీద భట్టిప్రోలు, రేపల్లె స్టేషన్లు. ఊరు రెండు లైన్ల మధ్య పడింది. రైలెక్కాలంటే ముందు ఇంకో సవారీ కావాలి. ఒక జమానాలో అది ఎడ్లబండి, తర్వాత జట్కా, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు సైకిల్.

మా దాదాజాన్ సైకిల్ హెర్క్యులస్. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైంది, హెర్క్యులస్ అక్కడే తయారయ్యేది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో వచ్చాయి. మన ఊళ్లలో సైకిల్ సామాన్యుడి ఇంటికి చేరిన దౌర్ అదే. ఫజర్ నమాజ్ కాగానే వెనక క్యారియర్ మీద బట్టల మూట కట్టుకుని దాదాజాన్ రేపల్లె బయల్దేరేవారని దాదీమా చెప్పేది. సైకిల్‌ను స్టేషన్ దగ్గర తెలిసినవాళ్ల కొట్టులో పెట్టి తెనాలి బండి ఎక్కేవారు. మగ్రిబ్ వేళకు మళ్లీ అదే సైకిల్ మీద ఇల్లు చేరేవారు. మన ఖాందాన్‌లలో చాలామంది పెద్దల రోజీ ఇలా సగం రైలు మీద, సగం సైకిల్ మీద నడిచింది.

ఆ సైకిళ్లను నడిపించింది ఊరూరా ఉన్న సైకిల్ షాపులు. అద్దె సైకిలు గంటకింత అని ఇవ్వడం, ట్యూబుకు పంక్చర్ వేయడం, చక్రం వంకర తీయడం. మన వైపు ఈ పనిలో ముసల్మాన్లు బాగా ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. ఈ రోజుల్లో సోషల్ మీడియాలో ‘పంక్చర్‌వాలా’ అనే మాటను మన మీద గాలీగా విసురుతున్నారు. ఆ మాట విని మన పిల్లలు సర్ ఝుకాయించక్కర్లేదు. రైలు ఊరికి పది మైళ్ల దూరంలో ఆగిపోతే, ఆ పది మైళ్లనూ కూలి మనిషికి, కుర్ర టీచరుకు, బట్టల వ్యాపారికి అందుబాటులోకి తెచ్చింది ఆ షాపే. హలాల్ కమాయీలో ఇజ్జత్ ఉంటుంది.

సైకిల్‌కూ రైలుకూ ఇంకో రిష్తా ఉంది. అది ఇంజనీర్లకు బాగా తెలుసు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద జారిపోతుంది కాబట్టి రైలు ఎత్తు ఎక్కలేదు. నూరు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేవడమే దానికి భారం. అందుకని రైలు వేసేవాళ్లు గుట్టను తవ్వుతారు, పల్లాన్ని పూడుస్తారు, మలుపును పెద్దగా తిప్పుతారు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా రైలు బాట మాత్రం దాదాపు చదునుగా వెళ్తుంది. సైకిల్ తొక్కే మనిషి మోకాళ్లకు కావలసింది కూడా సరిగ్గా అదే. పట్టాలు, స్లీపర్లు, కంకర తీసేస్తే మిగిలేది సైకిల్ కోసమే చేసినట్టుండే రాస్తా. పైగా లారీలు రావు. ఊరి మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి ఇల్లు, బడి, దుకాణం అన్నీ దగ్గరే.

వర్జీనియాలో ఒక పాత రైలు బాట

మా ఖాలమ్మ కొడుకు అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉంటాడు. ఆష్‌బర్న్‌లో ఇల్లు, హెర్న్‌డన్‌లో ఆఫీసు. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఇలాఖా అది. పక్కనే స్టెర్లింగ్‌లో ఆడమ్స్ సెంటర్ అనే పెద్ద మస్జిద్ ఉంది. మౌసమ్ బాగుంటే తను ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తాడు. సుమారు 12 కిలోమీటర్లు. చెరుకుపల్లి నుంచి పొన్నూరు వెళ్లినంత దూరం అనుకోండి. ఆ బాట పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రైల్. పేరులోనే రైలు కంపెనీ ఉంది.

ఆ బాట తారీఖ్ దిల్‌చస్ప్‌గా ఉంటుంది. అలెగ్జాండ్రియా రేవు నుంచి పడమటి కొండల్లోని బొగ్గు గనుల దాకా రైలు వేయాలని 1847లో కంపెనీ పెట్టారు. 1860కి రైలు లీస్‌బర్గ్ దాకా వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా అంతర్యుద్ధం. 1861 జూన్‌లో వియన్నా అనే ఊరి దగ్గర సిపాయిలతో వస్తున్న రైలు మీద దక్షిణ రాష్ట్రాల ఫౌజ్ ఫిరంగులు పేల్చింది. ఆ యుద్ధంలో లైను చాలావరకు బర్బాద్ అయింది. తర్వాత మళ్లీ వేశారు. 1900 నాటికి బ్లూమాంట్ దాకా పొడిగించారు. వేసవిలో వాషింగ్టన్ జనం చల్లటి కొండలకు పోవడానికి, పల్లెల పాలు పట్నం చేరడానికి ఆ రైలు పనికొచ్చింది. బొగ్గు గనుల దాకా మాత్రం ఎప్పటికీ చేరలేదు. మోటారు కార్లు, లారీలు వచ్చాక ఆమ్‌దనీ పడిపోయింది. 1951లో ప్రయాణికుల బండ్లు ఆగాయి. 1968లో లైనే మూతపడింది.

ఇక్కడ కథ అటో ఇటో తేలిపోయే జాగా వస్తుంది. ఆ జమీన్‌ను ముక్కలు చేసి అమ్మేసి ఉంటే ఇవాళ అక్కడ ఇళ్లు, కొట్లు, కారు పార్కింగులు ఉండేవి. అలా జరగలేదు. చాలా భాగాన్ని కరెంటు కంపెనీ కొన్నది, తీగలు లాగడానికి. తీగలు పైన పోతాయి కదా, కింద జాగా ఖాళీ. 1974లో ఫాల్స్ చర్చ్ అనే చిన్న పట్నంలో ఒకటిన్నర మైలు మేర బాట వేసి చూశారు. జనానికి పసంద్ అయింది. స్థానిక ప్రభుత్వాలు కలిసి నడిపే పార్కుల సంస్థ మెల్లగా ఆ జమీన్‌ను కొంటూ పోయింది. 1988కి బాట పర్సెల్‌విల్ దాకా పూర్తయింది. మొత్తం 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు. వెడల్పు దాదాపు 100 అడుగులే. ప్రపంచంలో ఇంత పొడుగ్గా, ఇంత సన్నగా ఉండే పార్కులు తక్కువ.

మా తమ్ముడు పంపే ఫోటోల్లో ఆ బాట చూస్తుంటాం. ఒకవైపు ఓక్ చెట్లు, అక్టోబరు వస్తే ఆకులన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా మారిపోతాయి. వాగుల మీద పాత రైలు వంతెనల జాగాలో కొత్త వంతెనలు. ఉడుతలు, అప్పుడప్పుడు దుప్పులు. హెర్న్‌డన్‌లో పాత రైలు స్టేషన్‌ను మ్యూజియంగా ఉంచారు, దాని పక్కన ఎర్ర రంగు గార్డు పెట్టె నిలబడి ఉంటుంది. పొద్దున్నే ఆఫీసు బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్లేవాళ్లు, తోపుడు బండిలో బిడ్డను పెట్టుకుని నడిచే అమ్మలు, పరిగెత్తే బుజుర్గులు అందరిదీ ఆ బాటే. అక్కడి పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్‌లో కూర్చుని చిరాకు పడేకంటే ఇదే సుకూన్ అంటాడు.

అసలు అలాగే ఉండాలి, ఫాయిదా పారాలి

అమెరికాలో ఇలాంటి బాటలు వందల్లో ఉన్నాయి. 1960లలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య వేసింది మొదటివాటిలో ఒకటి. 1983లో వాళ్లు ఒక ఖానూన్ తెచ్చారు. రైలు కంపెనీ ఒక లైనును వదిలేయాలనుకుంటే, ఆ జమీన్‌ను చీల్చి పంచేయకుండా మొత్తంగా కాపాడాలి. ఇప్పటికి దాన్ని నడిచే బాటగా, సైకిల్ బాటగా వాడుకోవచ్చు. రేపు జరూరత్ పడితే మళ్లీ రైలు వేసుకోవచ్చు. ఒక రకంగా రైలు బాటను బ్యాంకులో దాచినట్టు.

మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. వక్ఫ్ అంటే ఏమిటి? అసలు ఆస్తిని అమ్మకూడదు, పంచకూడదు, దాని ఫాయిదా మాత్రం అవసరమైనవాళ్లకు పారుతూ ఉండాలి. ఒక బావి, ఒక తోట, ఒక ముసాఫిర్‌ఖానా ఏదైనా కావచ్చు. అమెరికా ఖానూన్ రాసినవాళ్లు వక్ఫ్ గురించి ఆలోచించి రాశారని నేననడం లేదు. అక్కడ కావాలంటే రైలు మళ్లీ వస్తుంది, వక్ఫ్‌లో నియ్యత్ మారదు, ఆ ఫర్క్ కూడా ఉంది. అయినా ఎంతోమంది పొలాలు కోసి తీసుకున్న పొడుగాటి జమీన్‌ను ఆవామ్ కోసం ఒకటిగా నిలబెట్టాలన్న ఖయాల్ రెండింటిలోనూ ఉంది. ఒక్కసారి ముక్కలైతే అలాంటి జమీన్‌ను మళ్లీ కూడదీయడం దాదాపు నాముమ్కిన్. ప్రతి అరమైలుకూ ఒక ఇల్లు అడ్డొస్తుంది, ఒక కోర్టు కేసు వస్తుంది.

దునియాలో నిజంగానే వక్ఫ్‌గా ప్రకటించిన రైలు కూడా ఉంది. అదే హిజాజ్ రైలు. సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ 1900లో ఎలాన్ చేశాడు. డమాస్కస్ నుంచి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్లు. ఒంటెల కారవాన్‌లో 40 రోజులు పట్టే సఫర్ కొద్ది రోజులకు తగ్గిపోయింది. యూరప్ బ్యాంకుల దగ్గర ఖర్జ్ తీసుకోకుండా ముసల్మానుల చందాలతో వేయాలన్నది సుల్తాన్ ఇరాదా. మొరాకో నుంచి హిందుస్తాన్ దాకా చందాలు పోగయ్యాయి. మన హైదరాబాద్‌లో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ దీని కోసం ఎంతో మెహనత్ చేశారు. ఆయన హైదరాబాద్‌లో కాంగ్రెస్‌ను సమర్థించిన తొలి తరం పెద్దల్లో ఒకరు కూడా. లైను మదీనా చేరిన 1908 నాటికి ఆయన లేరు, రెండేళ్ల ముందే 1906లో ఇంతెఖాల్ అయ్యారు.

ఆ రైలు మదీనాకు పూర్తిగా నడిచింది పదేళ్లలోపే. 1916 తర్వాత తిరుగుబాటుదారుల దాడులు, యుద్ధం ముగిశాక సరిహద్దుల తగాదాలు. సల్తనత్ పోయింది, దక్షిణం వైపు లైను మూగబోయింది. ఇప్పటికీ సౌదీ రేగిస్తాన్‌లో చాలాచోట్ల ఆ కట్ట కనిపిస్తుంది. పట్టాలు లేవు, రాతి స్టేషన్లు అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. మదీనా స్టేషన్‌ను మ్యూజియం చేశారు, పక్కనే అంబరియా మస్జిద్ ఉంది. హజ్‌కో ఉమ్రాకో వెళ్లిన మనవాళ్లు ఆ గుమ్మం దాకా వెళ్లి చూసి రావాలి. అందులో మన హైదరాబాదీల చందా కూడా ఉంది. 2018 నుంచి మక్కా, మదీనాల మధ్య 450 కిలోమీటర్ల హరమైన్ హైస్పీడ్ రైలు నడుస్తోంది. దాని రాస్తా వేరు. పాత కట్ట మాత్రం ఇసుకలో తన జాగాలో తాను ఉంది.

మన తెలుగు నేల మీద

మన దగ్గరా పట్టాలు పీకేసిన కథలున్నాయి. అందరికంటే దగ్గరిది గోదావరి జిల్లాలది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ ఒడ్డున ఉన్న కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వచ్చింది. కొబ్బరి, వరి, కాలువల మధ్య నుంచి పోయే బండి. పన్నెండేళ్లే బతికింది. 1940లో రెండో ప్రపంచ యుద్ధం పేరు చెప్పి అంగ్రేజ్ సర్కార్ పట్టాలు పీకి వేరేచోటికి తరలించింది. యుద్ధం ముగిసింది, ముల్క్ ఆజాద్ అయింది. పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జి.ఎం.సి. బాలయోగి ఆ లైను మళ్లీ రావాలని పట్టుబట్టారు. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004లో కోటిపల్లికి మళ్లీ బండి వచ్చింది. మధ్యలో పోయిన కాలం 64 ఏళ్లు. తాతలు ఎక్కిన రైలును మనవళ్లు ఎక్కారు, నడుమ తరం చూడలేదు.

రెండోది నల్లమల. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే పాత మీటర్‌గేజి లైను గిద్దలూరు దాటాక అడవిలోకి దూరుతుంది. బొగద, చలమ స్టేషన్ల మధ్య దొరబావి అనే చోట లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన ఉండేది. 1880లలో కట్టినది. 1990లలో బ్రాడ్‌గేజి చేసినప్పుడు లైనును వేరే దారి పట్టించారు. పాత వంతెన రైలు లేకుండా మిగిలిపోయింది. ఆ దారిలో రైల్లో వెళ్లినవాళ్లు ఆ వంతెన ఊసు ఇప్పటికీ ఎత్తుతారు. పాత దారి అడవికి వెళ్లిపోయింది. ఒకచోట బాట మళ్లీ రైలుకు వచ్చింది, ఇంకోచోట అడవిలో కలిసింది. జనం తమ సైకిళ్ల కోసం అడిగి తీసుకున్న కిస్సా మాత్రం వీటిలో లేదు.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, రాత్రి దీపాలు. ముబారక్ చెప్పాల్సిన పనే. కాకపోతే ఎక్కువగా సేహత్ కోసం తొక్కేవాళ్లకు పనికొచ్చే బాట అది. రోజీ కోసం తొక్కేవాళ్లకు ఊరిలోంచి ఊరిలోకి పోయే బాట కావాలి. పొలం నుంచి మార్కెట్‌కు, ఇంటి నుంచి స్కూలుకు.

ఇంగ్లండులో ఇలాంటి బాట కోసం జనమే దిగారు. 1963లో బీచింగ్ అనే అధికారి నివేదిక ఇచ్చి దేశంలోని రైలు మార్గాల్లో దాదాపు మూడో వంతు, రెండు వేల పైచిలుకు స్టేషన్లు మూసేయాలన్నాడు. అలా మూతపడ్డవాటిలో బ్రిస్టల్, బాత్ పట్నాల మధ్య లైను ఒకటి. 1977లో బ్రిస్టల్‌లో సైకిల్ ప్రేమికులు ఒక జమాత్‌గా ఏర్పడ్డారు. 1979లో వలంటీర్లు పారలు, తోపుడు బళ్లు పట్టుకుని పాత కట్ట మీద ముళ్లకంపలు కొట్టి బాట వేయడం మొదలుపెట్టారు. 1986కి 13 మైళ్ల బాట పూర్తయింది. దారిలో అర కిలోమీటరుకు కాస్త తక్కువ ఉండే పాత రైలు సొరంగం కూడా ఉంది, దాంట్లోంచే సైకిళ్లు వెళ్తాయి. ఎవరో మంత్రి వచ్చి ఇస్తాడని కూర్చుని ఉంటే ఆ కట్ట కంపలపాలయ్యేది.

మన కాలువ గట్లు

ఇప్పుడు చెరుకుపల్లికి వద్దాం. మన రేపల్లె లైను నడుస్తూనే ఉంది, అల్‌హమ్‌దులిల్లాహ్. దాన్ని పీకాలని ఎవరూ కోరుకోవద్దు. మన దగ్గర వదిలేసిన పాత రవాణా దారి వేరే ఉంది. అవి కాలువ గట్లు.

కృష్ణా మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కి పూర్తయింది. దాని నుంచి పడమటి డెల్టాకు వచ్చిన కాలువలు నీళ్ల కోసమే కాకుండా పడవల కోసం కూడా తవ్వారు. దుగ్గిరాల దగ్గర నుంచి పెదగంజాం దాకా పోయే కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అలా కాకినాడ వైపు నుంచి మద్రాసు మీదుగా పుదుచ్చేరి దాకా పడవ దారి ఉండేది. ధాన్యం, ఉప్పు, కలప, మనుషులు అన్నీ నీటి మీదే. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు. ఆ గట్లను అందుకే చదునుగా, వెడల్పుగా ఉంచేవారు. రైలు వచ్చింది, తర్వాత లారీ వచ్చింది, పడవలు పోయాయి. గట్లు మిగిలాయి. ఇంగ్లండులో పట్టాలు పోయిన కట్ట ఏదో, డెల్టాలో పడవలు పోయిన గట్టు అదే.

ఆ గట్ల మీద ఇప్పటికీ సైకిళ్లు పోతున్నాయి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి, పైన తుమ్మ, రావి చెట్ల నీడ, కొంగలు, మీనుపిట్టలు. వర్జీనియా బాట చూసి ముచ్చటపడే మన పిల్లలు ఒకసారి తెల్లవారుజామున ఇటు కూడా చూడాలి. నజారాలో మనది తక్కువేం కాదు. తక్కువైంది హిఫాజత్. కొన్నిచోట్ల గట్టు కోసుకుపోయింది. కొన్నిచోట్ల చెత్త పోస్తున్నారు. కొన్నిచోట్ల గుడిసెతో మొదలై పక్కా ఇంటి దాకా కబ్జా. కడుపేద వాడు వేసుకున్న గుడిసెను నేనేమీ అనను, వాడికి జాగా చూపించడం సర్కార్ జిమ్మేదారీ. పలుకుబడి ఉన్నవాళ్లు కట్టే ప్రహరీల సంగతే నేను చెబుతున్నది.

దీంట్లో అసలు నష్టపోయేది ఆడపిల్లలు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. దారిలో లారీలు, ఇసుక ట్రాక్టర్లు. అబ్బాయైతే వెళ్తాడు, అమ్మాయిని ఆపేస్తారు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సర్కార్ సైకిళ్లు ఇచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్క తీస్తే, ఆ వయసు అమ్మాయిలు హైస్కూలులో చేరడం 32 శాతం పెరిగింది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య అంతరం 40 శాతం తగ్గింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలో ఫాయిదా ఎక్కువ. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బళ్ల అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. సైకిల్ ఇచ్చారు సరే, తొక్కడానికి లారీ తగలని రాస్తా ఎవరిస్తారు? ఇల్మ్ హాసిల్ చేయడం మర్దులకూ ఔరతులకూ ఇద్దరికీ జరూరీ అని మన మింబర్ల మీద నుంచి వింటూనే ఉంటాం. ఆ ఇల్మ్ దాకా పోయే బాట గురించి కూడా మాట్లాడుకోవాలి.

పాతదాన్ని కాపాడకపోతే ఏమవుతుందో మన భట్టిప్రోలే చెబుతుంది. అక్కడి రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం రాళ్లను 19వ శతాబ్దంలో వెల్లటూరు వైపు కాలువ పనికీ, రోడ్లకూ పట్టుకుపోయారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు మిగిలిన దిబ్బలోంచే ధాతు పేటికలు, వాటి మీది ప్రాచీన లిపి బయటపడ్డాయి. మిగిలినదే అంత విలువైనదైతే పోయినదాని సంగతి ఊహించుకోండి. తీసుకుపోయినవాళ్లకు అది ఉత్త రాళ్ల కుప్ప. ఇవాళ గట్టు కూడా కొందరి కంటికి ఉత్త ఖాళీ జాగా.

నేను చెప్పేది పెద్ద ప్రాజెక్టు గురించి కాదు. గ్రామసభ జరిగినప్పుడు మన మొహల్లా నుంచి నలుగురు వెళ్లి అడగండి. ఊరి నుంచి హైస్కూలు వైపు పోయే గట్టు ఏదో చూపించి, దాని మీద గ్రావెల్ పోసి, లారీ ఎక్కకుండా రెండు కొసలా రాళ్లు పాతించమనండి. అర్జీ రాసి జలవనరుల శాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. మన మొహల్లావాళ్లే కాకుండా మాలపల్లెవాళ్లు, రైతులు, పక్క ఊరి హెడ్‌మాస్టరు అందరూ సంతకం పెట్టేలా చూడండి. బాట అందరిదీ అయినప్పుడే నిలబడుతుంది. ముందుగా మన ఇంటి వెనక గట్టు మీద మనం పోసే చెత్త ఆపుదాం. దారిలోని ముల్లు తీసేయడం కూడా సదఖాయేనని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్చుకున్నాం.

బ్రిస్టల్‌లో మొదటి పార పడ్డాక 13 మైళ్లకు ఏడేళ్లు పట్టింది. వర్జీనియాలో ఒకటిన్నర మైలు 45 మైళ్లు కావడానికి పద్నాలుగేళ్లు. కోటిపల్లికి రైలు తిరిగి రావడానికి 64 ఏళ్లు. మన గట్టు మీద ఈ ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు ఒక కిలోమీటరు బాగుచేసుకున్నా, జూన్‌లో బళ్లు తెరిచే నాటికి పదిమంది అమ్మాయిలు దాని మీద సైకిల్ తొక్కుకుంటూ పోతారు, ఇన్షాఅల్లాహ్.